తమ్ముడికి 112 కిలోలు, ఈసీజీ నార్మల్. జిమ్‌కి పంపొచ్చా?

మా తమ్ముడికి 26 ఏళ్లు. ఎత్తు 173 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 37 దాటింది. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం అంటారు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేస్తాడు, నాకు అదే పెద్ద టెన్షన్. పైగా నాన్నకు 48 ఏళ్లకే స్టెంట్ వేశారు.

మొన్న ఈసీజీ నార్మల్ అన్నారు. దాంతో వాడు రేపే జిమ్‌లో చేరి బరువులెత్తుతానంటున్నాడు. కానీ ఈసీజీ ఆ కొన్ని క్షణాల గుండె విద్యుత్ తీరునే కదా చూపించేది? అధిక బరువు వల్ల గుండె గోడలు మందమైతే ఎకో (గుండె స్కానింగ్)లోనే బాగా తెలుస్తుందట. 39 ఏళ్ల నటుడు తారకరత్న 2023లో నడుస్తూనే కుప్పకూలిన వార్త చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష), షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు నిద్ర పరీక్ష కూడా చేయించాలా? ముందు కార్డియాలజిస్టు దగ్గరికా, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికా? రిపోర్టులు వచ్చేదాకా నడక వరకు పర్వాలేదా? మీ ఇళ్లలో ఇలాంటి వయసు పిల్లలకు ఏం చేయించారో, వాళ్లను డాక్టరు దగ్గరికి ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి. ఇక్కడ డాక్టర్లుంటే మరీ మంచిది.