అప్‌డేట్: పాత ల్యాప్‌టాపా, స్ట్రీమింగ్ స్టిక్కా?

పోయిన నెల అడిగాను గుర్తుందా? అమ్మానాన్నల టీవీకి మూలన పడున్న ల్యాప్‌టాప్‌నే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించాలా, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు పెట్టి నెట్‌లో వీడియోలు చూసే చిన్న పరికరం) కొనాలా అని. ముందు ల్యాప్‌టాపే పెట్టి చూశాను, డబ్బులు మిగులుతాయని ఆశ! సీరియల్ మధ్యలో విండోస్ అప్‌డేట్ మొదలైంది. సోఫాలో మౌస్ ఎక్కడ తిప్పాలో తెలియక అమ్మ విసుక్కుంది. చివరికి స్టిక్ కొన్నాను.

మొదటి రెండు రోజులు అదీ ఏడిపించింది, ఊరికే రీస్టార్ట్ అయ్యేది. పీస్ పాడైందనుకున్నా. తీరా చూస్తే తప్పు నాదే. పవర్ కేబుల్‌ని టీవీ వెనక యూఎస్‌బీ పోర్టుకు పెట్టాను. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియర్, అంటే రెండున్నర వాట్లే. దానితో వచ్చిన అడాప్టర్‌ని గోడ ప్లగ్‌కి పెట్టాక మళ్లీ ఆగలేదు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (హెచ్‌డీఎంఐకి పెట్టిన పరికరాన్ని టీవీ రిమోట్‌తోనే నడిపించే సదుపాయం) ఆన్ చేస్తే పాత టీవీ రిమోట్‌తోనే స్టిక్ కూడా నడుస్తోంది. అమ్మకి రెండు రిమోట్ల గోల తప్పింది.

ల్యాప్‌టాప్ మాత్రం పారేయలేదు. హార్డ్ డిస్క్‌లో ఉన్న మా పెళ్లి వీడియోలు నాన్న దాంట్లోనే చూస్తున్నారు.