‘ఇక్కడ నొక్కండి’ అన్న వాక్యం వీడియోలో ఇముడుతుందా?

వీడియో పాఠంలో ఒక నిర్ణీత క్షణాన తెరమీద కనిపించి, కొద్ది సెకన్లలో మాయమయ్యే లంకెల మీద తెలుగులో ఏమని రాయాలని ఒక సభ్యురాలు అడిగారు. ‘మరిన్ని వివరాల కోసం ఇక్కడ నొక్కండి’ అన్న అలవాటు వాక్యం వాటికి నప్పదని నా అభిప్రాయం.

వెబ్ పేజీలోని లంకె ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. వీడియోలోని లంకెకు చోటుతో పాటు గడువు కూడా ఉంటుంది. ఉపశీర్షికలకు వాడే వెబ్‌విటిటి ఫైలులో ఒక్కొక్క అంశానికి మొదలు, ముగింపు సమయాలు రాసిపెడితే, ఆ వేళకు బ్రౌజరు ఇచ్చే సంకేతాన్ని అందుకుని, పేజీలో రాసిన జావాస్క్రిప్టు ప్రోగ్రాము లంకెను చూపుతుంది, గడువు తీరగానే తీసేస్తుంది. ఆ గడువు నాలుగు సెకన్లే అనుకుంటే, మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక ఏం చేయాలో తెలిసేసరికే సగం కాలం గడుస్తుంది, ఎక్కడికి వెళ్తామో అప్పటికీ తెలియదు. ‘సీసపద్య లక్షణం’ అని గమ్యం పేరే రాస్తే రెండు మాటల్లో పని తీరుతుంది.

‘ఇక్కడ’ అన్న మాటతో ఇంకో చిక్కుంది. యూట్యూబు 2008లో తెచ్చిన అనొటేషన్లను (వీడియో మీద కనిపించే రాతలు, లంకెల పెట్టెలను) 2019 జనవరిలో పూర్తిగా తొలగించింది. వక్త తెర మూలకు వేలు చూపి ‘ఇక్కడ నొక్కండి’ అన్న పాత వీడియోలలో ఆ వేలు ఇప్పుడు ఖాళీ మూలనే చూపుతోంది (కొన్ని నిజంగా నవ్వు తెప్పిస్తాయి). రాతను దిద్దవచ్చు గానీ పలికిన మాటను దిద్దలేము కాబట్టి, నోటితో చెప్పేటప్పుడు కూడా గమ్యం పేరే చెప్పడం మేలు.

— క్రియ లేకపోతే అది లంకె అని కొత్తవారు గుర్తిస్తారా అండీ? ఫోనులో చూసేవారే ఎక్కువ కదా, ‘తాకండి’ అనవచ్చునా?

— గుర్తించడానికి గీత, రంగు, బాణం గుర్తు తోడ్పడతాయండీ. క్రియ తప్పనిసరి అనిపిస్తే ‘నొక్కండి’ అనే ఉంచండి. ‘తాకండి’ తెరకే చెల్లుతుంది, ‘నొక్కండి’ మాత్రం మౌసుకూ కీబోర్డు మీటకూ కూడా సరిపోతుంది. యూట్యూబు వీడియో చివర ఇతర వీడియోలను, లంకెలను చూపే ముగింపు తెరకు 5 నుంచి 20 సెకన్ల వ్యవధి ఉంటుంది కనుక అక్కడ నిండు వాక్యం రాసినా ఇబ్బంది లేదు. వీడియో మధ్యలో ప్రశ్నలు చేర్చే హెచ్‌5పి వంటి సాధనాలలో ప్రశ్న రాగానే వీడియోను ఆపే వీలుంది. అలా ఆపినచోట మన వాక్యం ఎంత పొడవున్నా చూసేవారు తీరికగా చదువుకుంటారు.