ఇంటి వైఫై, ఆఫీసు నెట్‌వర్క్ రెండింటి ఐపీ అడ్రస్‌లూ 192.168.1 తోనే మొదలైతే ఎవరు మార్చుకోవాలి?

రాయగడ_27: విశాఖ ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి) కనెక్ట్ అయిందనే చూపిస్తోంది. ఫైల్ సర్వర్ 192.168.1.10 మాత్రం తెరుచుకోదు. పింగ్‌కి (ఆ అడ్రస్ పలుకుతుందా అని చూసే పరీక్షకి) జవాబొస్తోంది! ఇంటి రూటర్ కూడా 192.168.1.1.

బరంపురం_నెట్: జవాబిస్తున్నది సర్వర్ కాదు, మీ ఇంటి సీసీటీవీ డీవీఆరో ప్రింటరో అయ్యుంటుంది. పింగ్ చేశాక ఏఆర్‌పీ టేబుల్ (పక్కనున్న పరికరాల ఐపీలు, మ్యాక్ అడ్రస్‌ల జాబితా) చూడండి. వైఫై కింద 1.10 పక్కన మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ నంబర్) ఉంటే అది ఇంటి వస్తువే. 192.168.1.0/24 (192.168.1 తో మొదలయ్యే అడ్రస్‌లు) మొత్తం తన పక్కనే ఉందనుకుంటుంది కంప్యూటర్, ఇక వీపీఎన్ టన్నెల్‌లోకి ఎందుకు పంపుతుంది? రూటర్ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) ఐపీని 192.168.87.1 చేయండి, మాస్క్ 255.255.255.0, డీహెచ్‌సీపీ (రూటర్ తానే అడ్రస్‌లు పంచే పద్ధతి) 87.100 నుంచి 87.200 వరకు. స్టాటిక్ (చేత్తో పెట్టిన, మారని) ఐపీ ఉన్న డీవీఆర్, ప్రింటర్లను ముందే డీహెచ్‌సీపీలోకి మార్చండి. మరిచిపోతే అవి పాత అడ్రస్‌లో ఉండిపోయి ఎవరికీ దొరకవు.

సిరోంచ_ప్రాణహిత: ట్రాఫిక్ అంతా వీపీఎన్‌లోంచే పంపే సెట్టింగ్ పెడితే చాలదా అన్నా?

బరంపురం_నెట్: చాలదు తమ్ముడూ. 0.0.0.0/0 (అన్ని అడ్రస్‌లకీ దారి) కంటే /24 ఇరుకైనది. ఇరుకైన రూటే గెలుస్తుంది.

పర్లాకిమిడి_వైర్: మా వైపు కేబుల్ ఆపరేటర్లు డబ్బా (వాళ్ళిచ్చే రూటర్) పాస్‌వర్డే ఇవ్వరు, లాన్ ఎలా మారుస్తారు? ఒక్క సర్వర్ కోసమైతే /32 రూట్ (ఆ ఒక్క అడ్రస్‌కే దారి) చాలు: 192.168.1.10, మాస్క్ 255.255.255.255, గేట్‌వేగా వీపీఎన్ అడ్రస్.

బరంపురం_నెట్: /32 నిలవదండి. వీపీఎన్ ప్రతిసారీ కొత్త అడ్రస్ ఇస్తే పాత రూట్ పనిచేయదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కూ ఉండదు. డబ్బా తాళం వేసి ఉంటే దాని వెనక సొంత రూటర్ పెట్టండి. డబ్బా నుంచి వచ్చే వైరు సొంత రూటర్ వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్ట్‌లోకే వెళ్ళాలి, లాన్ పోర్ట్‌లో పెడితే మళ్ళీ పాత 192.168.1 అడ్రసే వస్తుంది.

పర్లాకిమిడి_వైర్: ఒక్క సర్వర్‌కి /32 చాలన్నాను, ఆ మాటకి జవాబు చెప్పండి. అయినా కొత్త రూటర్ డబ్బులు ఉద్యోగి ఎందుకు పెట్టాలి? 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) లోనే సొంత నెట్‌వర్క్‌ల కోసం 10.0.0.0/8, అంటే 10తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ ఇచ్చారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అడ్రస్‌నే ఉంచుకున్నది ఆఫీసు.

బరంపురం_నెట్: ఆఫీసులో బయోమెట్రిక్, టాలీ సర్వర్, ప్రింటర్లు అన్నీ స్టాటిక్. అడ్రస్‌లు మార్చాలంటే ఆదివారం రాత్రి కూర్చునేది నాలాంటివాళ్ళే. ఆ గంటలకి జీతం ఉండదు. ఇంట్లో పని అయిదు నిమిషాలు!

పర్లాకిమిడి_వైర్: అదీ అసలు మాట. ఆ జీతం మీ మేనేజ్‌మెంట్‌ని అడగాలి, మా ఇళ్ళ మీద రుద్దకూడదు. ఇంటి నెట్ ఆగితే పిల్లల క్లాసు, పెద్దవాళ్ళ టీవీ ఆగుతాయి, అప్పుడు ఫోనెత్తేదెవరు? ఇంటి రూటర్ ఆఫీసు ఆస్తి కాదు.

రాయగడ_27: మా డబ్బాకీ పాస్‌వర్డ్ లేదండి.

బరంపురం_నెట్: అలాగైతే ఆఫీసు ఫైర్‌వాల్‌లో వన్-టు-వన్ నాట్ (ఒక్కో అడ్రస్‌ని మరో అడ్రస్‌గా చూపించడం) అడగండి. వీపీఎన్ వాళ్ళకి 192.168.1.0/24 కాస్తా 10.87.1.0/24 గా కనిపిస్తుంది, సర్వర్ 10.87.1.10 అవుతుంది. వీపీఎన్ క్లయింట్‌కి ఇచ్చే రూట్ కూడా 10.87.1.0/24 కే మార్చాలి.

పర్లాకిమిడి_వైర్: డీఎన్‌ఎస్ (పేరుని ఐపీగా మార్చేది) మరిచారు. వీపీఎన్‌లో ఉన్నవాళ్ళకి సర్వర్ పేరు 10.87.1.10 అనే తేలాలి. ఐపీతో చేసుకున్న పాత షార్ట్‌కట్‌లన్నీ పేరుతో మళ్ళీ చేయించాలి. ఇది ఆఫీసు ఖాతాలోనే రాయించండి, రాయగడ గారూ.