పాత వ్యాన్‌ని మిస్టరీ మెషిన్‌లా చేయించాలి: ర్యాపా, పెయింటా?

ప్రశ్న

నమస్తే అండి. మేం ఉండేది డల్లాస్ దగ్గర. మా పాపకి ఏడేళ్లు, స్కూబీ డూ కార్టూన్ అంటే పిచ్చి. హాలోవీన్‌లోపు ఒక పాత వ్యాన్ కొని, ఆ కార్టూన్‌లో వాళ్లు తిరిగే రంగుల వ్యాన్ మిస్టరీ మెషిన్‌లా తయారుచేయిద్దామని ఉంది. 1965 ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్ ఒకటి అమ్మకానికి ఉంది. పెయింట్ ఫరవాలేదు, అక్కడక్కడా తుప్పు. వినైల్ ర్యాప్ (బండి మీద అంటించే రంగు ప్లాస్టిక్ పొర) మంచిదా, పెయింట్ మంచిదా? అసలు కార్టూన్‌లోది ఏ కంపెనీ బండి?

జవాబు

ఏ కంపెనీదీ కాదండి. 1969లో హానా-బార్బెరా వాళ్లు గీసిన బొమ్మ అది. అప్పటి అమెరికన్ వ్యాన్లకి ముందు ముక్కు ఉండేది కాదు కదా, అందుకే ఒకరు ఎకనోలైన్ అంటారు, ఒకరు డాడ్జ్ ఏ100 అంటారు, ఇంకొకరు షెవీ స్పోర్ట్‌వ్యాన్ అని కొట్టుకుంటారు. మోడల్ గురించి టెన్షన్ పడకండి. 2016లో కాలిఫోర్నియాలోని రెడింగ్‌లో పోలీసులకి చిక్కకుండా పారిపోయిన 'మిస్టరీ మెషిన్' నిజానికి 1994 క్రైస్లర్ మినీవ్యాన్. వార్తల్లో మాత్రం మిస్టరీ మెషిన్ అనే రాశారు. ఆ నీలం, చిలకాకుపచ్చ, నారింజ పూలు కనిపిస్తే చాలు, జనం గుర్తుపడతారు.

ఇక తుప్పు. తుప్పు మీద ర్యాప్ నిలవదు. వినైల్ పట్టుకునేది పెయింట్‌ని. కింద పెయింట్ పొరలుగా లేస్తుంటే దానితోపాటే ఊడి వస్తుంది. చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, ముందు అద్దం కింద ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ కూడా చూడాలి, అమ్మేవాళ్లు మొహమాటపెట్టినా సరే.

నన్నడిగితే మొత్తం ర్యాప్ వద్దు. తుప్పు కోసి టింకరింగ్ చేయించి, బండంతా ఒకే నీలం పెయింట్ వేయించండి. పచ్చ అల, పూలు, అక్షరాలు మాత్రం వినైల్‌తో. అలల దగ్గర కాస్ట్ వినైలే, అంటే వంపులకి సరిగ్గా ఒదిగే మేలురకమే అడగండి. చవకగా దొరికే కేలెండర్డ్ రకం వంపుల దగ్గర కొన్నాళ్లకి ముడుచుకుపోతుంది. కొత్త పెయింట్ మీద వెంటనే అంటించొద్దు. పైకి ఆరినట్టే ఉంటుంది కానీ లోపలి సాల్వెంట్ (పెయింట్‌లో కలిపే ద్రావకం) వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది, వినైల్ కింద బుడగలు కడుతుంది. పైకప్పు మీద వినైల్ అసలొద్దు, టెక్సాస్ ఎండకి ముందు పాడయ్యేది అదే.

ఇంకొకరి జవాబు

రంగుల సంగతి తర్వాత, ముందు బ్రేకులు చూడండి సార్. 1965 బండి అంటే నాలుగూ డ్రమ్ బ్రేకులు, పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిల్ దారి. ఎక్కడో ఒకచోట లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది. కార్లకి రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేసింది 1968లో. డ్యూయల్ మాస్టర్ సిలిండర్ పెట్టించుకోవచ్చు, తెలిసిన మెకానిక్‌కి పెద్ద పనేం కాదు.

పాప విషయం అంతకంటే ముఖ్యం. టెక్సాస్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకి, నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు దాటకపోతే, చైల్డ్ సీట్ ఉండాల్సిందే. బూస్టర్ (పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) వాడాలంటే నడుముకీ భుజానికీ కలిపి ఉండే బెల్ట్ కావాలి. ఆ కాలం వ్యాన్లలో అది ఉండదు. పైగా ఇంజిన్ ముందు సీట్ల మధ్యే, పెట్టె కింద ఉంటుంది. ఆగస్టులో ఆ వేడి మీరే చూస్తారు. పాపని ఎక్కించుకుని తిరగాలనుకుంటే వెనక సీట్లకి మూడు పాయింట్ల బెల్టులున్న తర్వాతి కాలపు ఫోర్డ్ ఈ-150 వ్యాన్ లాంటిది చూడండి. ఈ 1965 ఎకనోలైన్ పరేడ్‌లో నిలబెట్టడానికే అయితే సరే.

ప్రశ్న అడిగినవారు

బెల్టుల సంగతి తట్టనే లేదండి, థాంక్స్. ఈ-150 వెతుకుతాను. ఆ అలల గీత రెండు వైపులా ఒకేలా ఎలా వస్తుంది?

జవాబు

ప్రొజెక్టర్‌తో. చీకటి పడ్డాక బండి పక్కభాగానికి సూటిగా ఎదురుగా పెట్టి బొమ్మ వేయండి, చైనా మార్కర్ (మైనపు పెన్సిల్)తో గీయండి. రెండో వైపుకి బొమ్మని అద్దంలోలా తిప్పాలి, అక్షరాలని మాత్రం తిప్పొద్దు. పెయింట్‌తోనే చేస్తే మామూలు మాస్కింగ్ టేప్ వంపు తిరగదు, సన్నని ఫైన్‌లైన్ టేప్ వాడండి. ముందే కార్టూన్‌లో ఒక సిరీస్ ఎంచుకుని దాని ఫొటోలే పట్టుకోండి. ఒక్కో సిరీస్‌లో ఒక్కోలా గీశారు, కలిపితే ఏదీ కాకుండా పోతుంది.

రంగు మారిందని ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. బర్త్‌డేలకి అద్దెకిస్తే మటుకు వార్నర్ బ్రదర్స్ హక్కుల గొడవ వస్తుంది. సొంత సరదాతోనే ఆపండి.

హైదరాబాద్ నుంచి ఒకరు

అన్నా, మా దగ్గర మారుతీ ఓమ్నీ ఉంది. దానికి చేయొచ్చా?

జవాబు

భేషుగ్గా. చదును ముక్కు, పక్కకి జరిగే తలుపు, ఎకనోలైన్ కంటే అదే నయం. సినిమాల్లో కిడ్నాప్ బండిగా ఉన్న చెడ్డపేరు కూడా పోతుంది. 2019లో తయారీ ఆగిపోయింది, సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలి. బాడీ ఆకారం జోలికి పోకండి, 2019లో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్ మార్చొద్దని తేల్చేసింది. రంగు మారిస్తే ఆర్టీయే ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోండి. రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్‌కి స్కూబీ డూ కథ చెప్పాల్సిన పని ఉండదు.