అప్‌డేట్: హాలోవీన్ షోకి చెక్కిన గుమ్మడి ముఖం, పగుళ్ల సంగతి

లాస్ ఏంజెలెస్‌లో హాలోవీన్ లోబ్రో (కామిక్స్, కార్ల సంస్కృతి నుంచి పుట్టిన పాప్ కళ) షోకి బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కతో చెక్కుతున్న గుమ్మడి ముఖం నుదుటి దగ్గర చీలుతోందని, ఆరెంజ్ రంగు కింద చెక్క పోగులు లేస్తున్నాయని అడిగాను కదా. రెండూ సర్దుకున్నాయి.

చీలికకి కారణం మందం. నాలుగంగుళాల దిమ్మలో పైపొర ముందే ఆరి కుంచించుకుంటుంది, లోపలి తేమ దాన్ని కుంచించుకోనివ్వదు. వెనకనుంచి తొలిచి గోడ మందం అంతటా అంగుళానికి తెచ్చి, తేమ మీటర్ 8 శాతం చూపాకే రంగు మొదలుపెట్టాలి. పడిన చీలికలో గట్టి పుట్టీ పెట్టకండి, అది చెక్కతో పాటు కదలక గీత మళ్లీ బయటపడుతుంది. అదే చెక్క పేడుని ఈనెవాటంగా జిగురుతో దించితే నిలుస్తుంది. సన్న సందులకి కొండపల్లి బొమ్మల మక్కు (రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన ముద్ద) పద్ధతే, చింతగింజల పొడి బదులు పీవీఏ అనే తెల్ల చెక్కజిగురు వాడాలి.

పోగులకి: తడిగుడ్డతో తుడిచి, ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. తర్వాత పల్చగా మూడు పూతలు జెస్సో (రంగు కింద వేసే తెల్లటి పునాది పూత), మధ్యమధ్య 320 నంబరు కాగితం.

లోబ్రోకి హాట్‌రాడ్ కార్ల (వేగం కోసం మార్చి, రంగులేసి తీర్చిదిద్దిన పాత కార్లు) రంగుల వారసత్వం ఉంది, నిగనిగలాడే వార్నిష్ దానికి అందం. కళ్ల గుంటల్లో మాత్రం మెరవని మ్యాట్ వార్నిష్ వేయండి, స్పాట్‌లైట్ మెరుపు లోతుని చంపేస్తుంది. తీగతో వేలాడదీస్తే ముఖం ముందుకి వంగుతుంది. దాని బదులు, ఒకదానిలో ఒకటి కూర్చునేలా 45 డిగ్రీల కోత పెట్టిన జంట పట్టీలు గోడకొకటి, బొమ్మకొకటి బిగించండి.