స్లోలో అదురుతున్న డీజిల్ పికప్: ఇంజెక్టర్లు విప్పించాలా?

ప్రశ్న (రాజోలు)

మాది నాలుగు సిలిండర్ల కామన్ రెయిల్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలోంచి భారీ ఒత్తిడితో డీజిలు అందే రకం) డీజిల్ పికప్. అంబాజీపేటకు కొబ్బరికాయలు తోలి, తిరుగుదారిలో చెరువులకు రొయ్యల మేత వేసుకొస్తుంటాం. వానలు మొదలైనప్పటి నుంచి ఇంజను స్లోలో ఉంటే బండంతా అదురుతోంది. ఉదయం ఎక్కువసేపు సెల్ఫు కొడితే గాని అందుకోవడం లేదు, అందుకున్నాక కాసేపు తెల్లపొగ వస్తోంది. ఏటిగట్టు వాలులో ముందుభాగం పైకి ఉండేలా రాత్రి నిలిపితే మరీ మొరాయిస్తోంది. యాక్సిలరేటరు తొక్కితే సర్దుకుంటుంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగానే ఉంది. ఇంజనాయిలు, కూలెంటు తగ్గడం లేదు. డీజిలు కొంత బంకులో కొట్టిస్తాం, కొంత చెరువుగట్టు మీద జనరేటరు కోసం ఉంచిన డ్రమ్ములోంచి పోస్తాం. షెడ్డులో, సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి పరీక్షకు పంపాలంటున్నారు. ఆ ఖర్చుకు దిగేముందు ఇంటి దగ్గర చూసుకోదగ్గవి ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు (భీమవరం)

డ్రమ్ము మాట చెప్పారు కాబట్టి ముందు నీళ్ల సంగతి తేల్చండి. నిలబెట్టిన డ్రమ్ము పైమూత చుట్టూ వాననీరు నిలుస్తుంది. పగలు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుని, బిరడా మర సందులోంచి ఆ నీటిని లోపలికి లాక్కుంటుంది. సగం ఖాళీ డ్రమ్ములో మన తేమగాలికి గోడల మీద చెమ్మ పట్టడం దీనికి అదనం.

ఇంజను ఆపి, డీజిల్ ఫిల్టరు కింద గాజుసీసా పెట్టి అడుగు మరను వదులు చేయండి. డీజిలు కంటే నీరు బరువు కనుక ముందుగా వచ్చేది అదే, సీసా కాసేపు కదపకుండా ఉంచితే రెండూ విడిగా కనిపిస్తాయి. శుభ్రమైన డీజిలు వచ్చేదాకా వదిలి మర బిగించండి. తరువాత చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి, గొట్టాల్లో చేరిన ఎయిర్ తీసి స్టార్టు చేయండి. సీసాలోది మాత్రం కాలువలో గానీ చెరువులో గానీ పారబోయవద్దు. రొయ్యలు పెంచేవారికి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

జవాబు (పాలకొల్లు)

పై మాట సరైనదే గాని, మీరు రాసినవాటిలో నాకు ముఖ్యంగా తోచింది గట్టు వాలు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పీల్పుడు గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతుంటే, ముందుభాగం పైకి ఉన్నప్పుడు గొట్టంలోని డీజిలు రాత్రంతా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఇంజెక్టరు పాడైనంత మాత్రాన బండి వాలును బట్టి తేడా రాదు. పైగా పీల్పుడు వైపు సందు బయటికి కారదు, లోపలికి గాలిని పీలుస్తుంది. అందుకే కింద చుక్క పడలేదు కదా అని చాలామంది దాన్ని వదిలేస్తారు. ఫిల్టరుకూ పంపుకూ మధ్య కొద్ది బారు పారదర్శక డీజిల్ గొట్టం తాత్కాలికంగా తగిలించి చూడండి. ఎయిర్ తీసిన తరువాత కూడా అందులో బుడగలు ఆగకుండా వస్తుంటే క్లిప్పులు, ఫిల్టరు ఓ-రింగు, చేతిపంపు, పగిలిన రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే చూసుకుంటూ ట్యాంకు వైపు వెళ్లాలి.

అదురు లయను కూడా చెవిపెట్టి వినండి. స్లోలో ఇంజను నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరు 400 సార్లు మండుతుంది. ఒకే సిలిండరు పనిచేయకపోతే సెకనుకు ఆరేడు సార్లు, తప్పకుండా ఒకే తీరున దెబ్బ వినిపిస్తుంది. గాలో నీళ్లో వస్తుంటే ఆ తీరు ఉండదు. కాసేపు బాగుండి, కాసేపు తడబడి, మళ్లీ అందుకుంటుంది. మొదటి రకమైతేనే ఇంజెక్టర్ల మాట ఎత్తడం న్యాయం. అప్పుడైనా నాలుగింటి రిటర్ను డీజిలునూ (ఇంజెక్టరు వాడుకోకుండా వెనక్కి పంపేది) నాలుగు ఒకేరకం సీసాల్లోకి విడివిడిగా పట్టిస్తే, మిగతావాటికంటే బాగా ఎక్కువ వదిలేది అనుమానించదగ్గది.

ఒక హెచ్చరిక. పాత మెకానికల్ పంపు బండ్లలో ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరు పనిచేయడం లేదో పట్టేవారు. కామన్ రెయిల్‌లో ఆ పని చేయకూడదు. స్లోలోనే వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, బరువు మీద 1,600 బార్లకు చేరే ఇంజన్లున్నాయి. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతే చెయ్యి తీసేయవలసిన పరిస్థితి రావచ్చు.

జవాబు (తణుకు)

ఉదయం తెల్లపొగ అంటున్నారు కాబట్టి హీటరు ప్లగ్గులు (చల్లటి ఇంజను అందుకోవడానికి సిలిండర్లను వేడిచేసేవి) కూడా చూపించుకోవడం మంచిది.

జవాబు (పాలకొల్లు)

చూపించుకోవచ్చు. కానీ ఈ ఉక్కపోత సీమలో ప్లగ్గుల లోపం అంత ప్రభావం చూపదు, ఇంజను వేడెక్కాక కూడా స్లోలో అదురుతుంటే దానికి కారణం అవి కావు.

రాజోలు నుంచి

అందరికీ కృతజ్ఞతలు. వేడెక్కాక కూడా అదురుతోంది, దెబ్బలో ఒక తీరు లేదు. ఫిల్టరులోంచి గాజుసీసాలో అడుగున స్పష్టంగా నీటి పొర కనిపించింది. అది తీశాక పొగ బాగా తగ్గింది గాని ఉదయం మొరాయింపు పోలేదు. పారదర్శక గొట్టం పెట్టి చూస్తే బుడగలు కనిపించాయి. ఫిల్టరులోకి వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు కింద, పైకి కనపడకుండా చీలి ఉంది. అది మార్చి ఎయిర్ తీశాక, గట్టు మీద నిలిపినా ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది. స్లో కూడా నిలకడగా ఉంది. ఇంజెక్టర్లు విప్పించలేదు. డ్రమ్మును ఏం చేయమంటారు?

జవాబు (భీమవరం)

రెండు బిరడాలూ ఒకే మట్టంలో, డీజిలు మట్టానికి లోపల ఉండేలా డ్రమ్మును పడుకోబెట్టి నీడలో ఉంచండి. అప్పుడు బిరడాల దగ్గర నీరు నిలవదు. తోడుకునేటప్పుడు నిలబెట్టి, అడుగు తేరుకున్నాక, పంపు గొట్టం అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఉండేలా చూసుకోండి. నీరు పట్టిన ఫిల్టరును అలాగే కొనసాగించకుండా కొత్తది వేయించి, ట్యాంకు అడుగు కూడా ఒకసారి కడిగించండి. కామన్ రెయిల్ పంపుకు డీజిలే కందెన, నీరు వెళితే తుప్పు పట్టి అరుగుతుంది, ఆ రిపేరు ముందు ఇంజెక్టర్ల ఖర్చే నయమనిపిస్తుంది.