“ఫ్వెంతే ఒబెహూన చేసింది”: ఊరే కర్త అయితే క్రియ ఏమవ్వాలి?

ప్రశ్న: గుంపులోని పెద్దలకు నమస్కారం. లోపే దె వేగా రాసిన పాత స్పానిష్ నాటకం “ఫ్వెంతే ఒబెహూన”లోంచి కొన్ని ఘట్టాలు తెలుగు చేస్తున్నాను. అది ఒక ఊరి పేరు, కొమెందాదోర్ అనే అధికారిని ఆ ఊరి జనం చంపిన కథ. ఆ ఊరి పేరు చెప్పగానే స్పెయిన్‌లో అందరూ అప్పజెప్పే నాలుగు ముక్కలున్నాయి కదా. “కొమెందాదోర్‌ను చంపిందెవరు?” “ఫ్వెంతే ఒబెహూన, దొరా.” “ఎవరా ఫ్వెంతే ఒబెహూన?” “తోదోస్ ఆ ఉనా.” ఈ చివరి మాటకు “అందరూ మూకుమ్మడిగా” అని రాసుకున్నాను. చెవికి ఏదో తేడాగా ఉంది. “ఊరంతా చేశారు” అనాలా, “ఊరంతా చేసింది” అనాలా?

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి. మీరు రాసిన నాలుగు ముక్కలూ జనం నోళ్ళలో నానినవి. ఆ రూపంలో లోపే నాటకంలో కనబడవు. నాటకంలో మళ్ళీ మళ్ళీ వచ్చే వాక్యం ఇంకా పొట్టిది: “ఫ్వెంతే ఒబెహూన లో ఇసో”. అంటే “ఆ పని చేసింది ఫ్వెంతే ఒబెహూన”. నాటకం అచ్చయింది 1619లో. అప్పటికే ఇది సామెత. 1611 నాటి కొబర్రూబియాస్ నిఘంటువులో కూడా ఉంది. అంటే సామెతను లోపే పుట్టించలేదు, సామెతే లోపే చేత నాటకం రాయించింది అనుకోవచ్చు.

“మూకుమ్మడిగా” వద్దు. రాజీనామాలకు ఆ మాట బాగానే ఉంటుంది గానీ హత్య పక్కన పెట్టేసరికి అందులోని “మూక” బయటపడుతుంది. స్పానిష్‌లో “ఆ ఉనా” అంటే ఒక్కటిగా, ఒకే సారి, ఒకే గొంతుతో అని. “అందరూ ఒక్కటై” చాలు.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. “ఇసో” ఏకవచన క్రియ. పని చేసింది వందల మంది. క్రియ మాత్రం ఒక్కరికి చెప్పినట్టు ఉంది. విచారణకు వచ్చిన న్యాయాధికారికి ఊరు చిక్కకుండా పోయింది సరిగ్గా ఈ ఏకవచనం వల్లే. “చేశారు” అంటే వెంటనే “ఎవరెవరు?” అన్న ప్రశ్న పుడుతుంది, పేర్ల జాబితా మొదలవుతుంది. “చేసింది” అంటే ఇక అడగడానికి ఏముంది? ఊరికి ఉరి వెయ్యలేరు కదా. మన భాషకు ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. “ఊరు కదిలింది”, “ఊరు వెలేసింది” అని మనం రోజూ అనే మాటలే. కాబట్టి “చేసింది” అనే ఉంచండి. “ఊరంతా” అని కూడా అనకండి, పేరే చెప్పించండి. “ఊరంతా” అంటే వివరణ, పేరు చెబితే వాంగ్మూలం.

ఇది ఎక్కడిదో తెలియనివాళ్ళ కోసం కొంచెం కథ. ఊరు దక్షిణ స్పెయిన్‌లో, ఆందలూసియాలోని కోర్డోబా ప్రాంతానికి ఉత్తరపు కొసన ఉంది. కోర్డోబా నగరం అధీనంలో ఉన్న ఊరును రాజు నాలుగో ఎన్రికే కలత్రావా అనే సంఘం అధిపతికి ధారాదత్తం చేశాడు, అతని నుంచి అది ఆ సంఘానికి చేరింది. సన్న్యాస వ్రతం పట్టి కత్తి దూసే యోధుల సంఘమది. దాని పెద్ద అధికారి, కొమెందాదోర్ ఫెర్నాన్ గోమెస్ దె గుస్మాన్, అక్కడ తిష్ఠ వేశాడు. 1476 ఏప్రిల్ 22 రాత్రి తెల్లవారేలోగా జనం అతని ఇంటిమీద పడి చంపేశారు. రాదెస్ అనే చరిత్రకారుడు 1572లో అచ్చయిన గ్రంథంలో రాసినదాన్ని బట్టి, ఆడవాళ్ళు తమకంటూ ఒక జెండా కట్టుకుని, తమలో నాయకురాళ్ళను ఎంచుకుని మరీ వచ్చారు. తర్వాత విచారణకు వచ్చిన న్యాయాధికారి ఎంత హింస పెట్టినా ఒకే జవాబు. నాటకంలో అతను రాజుకు చెప్పుకునే లెక్క: మూడు వందల మందిని హింసించాను, పదేళ్ళ పిల్లలను సైతం వదల్లేదు, ఇంతకుమించి ఒక్క ముక్క రాలేదు. రాజు ఏం చేస్తాడు? రాతపూర్వకంగా తేలలేదు కాబట్టి నేరం ఘోరమైనా క్షమించక తప్పదంటాడు.

చరిత్ర ఇంత శుభ్రంగా ఉండదు లెండి. ఆ సమయానికి కాస్తీలా సింహాసనం కోసం ఇసబెల్‌కూ హువానాకూ యుద్ధం నడుస్తోంది. పోయిన ఊరును తిరిగి లాక్కోవాలని కోర్డోబా నగర పెద్దలు కాచుకుని ఉన్నారు. తిరుగుబాటును వెనక నుంచి ఎగదోసింది వాళ్ళేనని అనుమానించే చరిత్రకారులున్నారు. ఆ కాలంవాడే అయిన పలెన్సియా అనే చరిత్రకారుడు ఊరివాళ్ళనే తిట్టిపోశాడు. మనకు నచ్చిన కథ లోపేది, అంతే.

మరో సభ్యురాలు: ఊరి పేరుకు అర్థం ఏమిటండీ? ఒకచోట గొర్రెల ఊట అనీ, ఇంకోచోట తేనెటీగల ఊట అనీ చదివాను.

జవాబు: రెండూ ఉన్నాయి. “ఫ్వెంతే” అంటే ఊట. “ఒబెహ” అంటే గొర్రె, “అబెహ” అంటే తేనెటీగ. ఆ దగ్గర్లో రోమన్ల కాలంలో మెల్లారియా అనే పట్టణం ఉండేది. లాటిన్‌లో “మెల్” అంటే తేనె. అందుకే ఇప్పటికీ ఆ ఊరివాళ్ళను “మెలారియెన్సె”లు అంటారు. మొదట తేనెటీగల పేరే ఉండి తర్వాత గొర్రెల వైపు జారిందన్న వాదనకు ఇది పెద్ద బలం. ఇవాళ ఊరి బోర్డు మీద “బి” అక్షరం, నాటకం పుస్తకాల మీద “వి” అక్షరం ఉంటాయి. స్పానిష్‌లో రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి తెలుగులో రాసేటప్పుడు మనకా గొడవ లేదు, “బ” రాసేస్తే సరి.

కానీ అనువాదం చేసేవాళ్ళు ఈ గొర్రెను వదులుకోకూడదు. మూడో అంకంలో లౌరెన్సియా అనే పిల్ల కొమెందాదోర్ చెర నుంచి తప్పించుకుని, జుట్టు విరబోసుకుని మగవాళ్ళ సభలోకి వస్తుంది. తండ్రినీ పెద్దలనూ నిలబెట్టి దులిపేస్తుంది. అందులో ఒక మాట: “ఒబెహాస్ సోయిస్”, మీరు గొర్రెలు, ఫ్వెంతే ఒబెహూన అన్న పేరే చెబుతోంది. పేరును పేరుగానే వదిలేస్తే తెలుగు పాఠకుడికి ఈ దెబ్బ తగలదు. నేనైతే ఇలా రాస్తాను: “గొర్రెలు మీరంతా! గొర్రెల ఊట అని ఈ ఊరికి ఊరికే వచ్చిందా పేరు?” కాసేపటికి ఆ గొర్రెలే తిరగబడతాయి. “గొర్రెదాటు” అన్న మాట మనకుంది కాబట్టి తిట్టు బలం తగ్గదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఈ నాటకమే పెద్ద పండుగ. 1935లో మార్గరీతా షిర్గూ అనే మహానటి తన బృందంతో వచ్చి ఊరి నడిబొడ్డునే ఆడింది. ఇప్పుడు ఊరివాళ్ళే వేషాలు కట్టి, ఆగస్టు రాత్రుల్లో అదే చౌకులో ఆడతారు. ఏటా కాదు, కొన్నేళ్ళకోసారి. జనాభా కొన్ని వేలే, పాత్రధారులు మాత్రం వందల్లో. “చంపిందెవరు?” అని అడిగితే జవాబు చెప్పేది నిజంగానే ఫ్వెంతే ఒబెహూన.

మొదటి సభ్యురాలు: చాలా ఉపయోగపడింది మాస్టారూ. ఇంకొక్కటి. హింసించే “పోత్రో”ను “బొండకొయ్య” అనొచ్చా?

జవాబు: అనకూడదు. బొండకొయ్య కాళ్ళను కదలనివ్వదు, అంతే. పోత్రో మనిషిని తాళ్ళతో కట్టి ఈడుస్తుంది. “ఈడ్చే కొయ్య” అని సాదాగా రాయండి. స్పానిష్‌లో అదే మాటకు గుర్రప్పిల్ల అన్న అర్థం కూడా ఉంది గానీ దాన్ని తెలుగులోకి లాక్కురావాల్సిన పని లేదు.

ఎలాగూ ఆ ఘట్టం దాకా వచ్చారు కాబట్టి మెంగో మాట దగ్గర జాగ్రత్త. హాస్యపాత్ర, బొద్దు మనిషి, బాధకు తాళలేడు, “చెప్పేస్తాను” అంటాడు. ఊరు దొరికిపోయిందనుకుంటాం. “చంపిందెవరు?” అంటే “సెన్యోర్, ఫ్వెంతే ఒబెహూనికా” అంటాడు. ఆ “ఇకా” ముద్దుపేరు చేసే ప్రత్యయం. మనకు అలాంటి ప్రత్యయం లేదు, అందుకని “అయ్యా, మన బుల్లి ఒబెహూనేనండి” అంటే దగ్గరకు వస్తుంది. “బుల్లి” నచ్చకపోతే “మా ఒబెహూనమ్మేనండి” ప్రయత్నించండి. ఊరిని అమ్మను చేస్తే మోతాదు కాస్త మించుతుందేమో, నటుడు పలికాక వినండి.